సిగ్నల్‌మ్యాన్ చేతులు కట్టించాను

2023 జూలై నాటికి కోడంబాక్కం స్టేషన్ దగ్గర, ఒక టైలరింగ్ షాపు మేడమీద నేను స్పానిష్ చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు. రైలు వెళ్లినప్పుడల్లా కిటికీ రెక్కలు గడగడలాడతాయి. కింద కుట్టుమిషన్లు ఆగవు. పైన ఫ్యాను గాలి కంటే చప్పుడే ఎక్కువ ఇస్తుంది. ఇన్నిటి మధ్య నేనూ ఒకచోట నిలవను. నాకు ఓపిక తక్కువన్న సంగతి ముందే చెప్పేస్తే నయం, ఈ కథలో తప్పంతా అక్కడే ఉంది. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం నావల్ల కాదు. ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంటాను. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చేలోపల రెండోది వేసేస్తాను. పిల్లలు నా తరగతికి 'ఎక్స్‌ప్రెస్ బండి' అని పేరు పెట్టారు. అది విని మురిసిపోయిన మాట కూడా నిజమే.

నా దగ్గరికి మామూలుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వస్తారు, పై చదువులకు వెళ్లే విద్యార్థులు వస్తారు. ఆ జూలైలో వచ్చిన మనిషి వేరు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. మెట్టు మెట్టుకూ ఎడమకాలు ఈడ్చుకుంటూ ఎక్కివచ్చారు. చొక్కా జేబులోంచి ఒక విజిల్ తాడు వేలాడుతోంది.

"నమస్కారం మేడమ్. నా పేరు మునిరత్నం. ఎన్నూరు రేవులో సిగ్నల్‌మ్యాన్. స్పానిష్‌లో ఆర్డర్లు ఇచ్చేది నేర్పిస్తారా?"

"ఆర్డర్లు మాత్రమేనా? మిగతా భాష అక్కర్లేదా?"

"అవి చాలు మేడమ్. కతలు చెప్పేదానికి ఆడ వేరే మనిషి ఉండాడు."

సిగ్నల్‌మ్యాన్ అంటే ఏమిటో ఆయనే చెప్పారు. క్రేన్ పైన గదిలో కూర్చున్న ఆపరేటర్‌కు బరువు ఎక్కడ దిగుతుందో సరిగా కనపడదు. కింద ఒక మనిషి నిలబడి ఎత్తు, దించు, తిప్పు, ఆపు అని సైగ చేస్తుంటాడు. పైవాడికి కళ్లు కిందవాడే. మునిరత్నం గారు ఆ పని ఇరవై రెండేళ్లు చేశారు. ముందటేడు వానలో రేవు అంచున జారి పడితే మోకాలు చితికిపోయింది. ఎక్కువసేపు నిలబడకూడదన్నారు డాక్టర్లు.

అదే సమయంలో ఆయన పనిచేసే కంపెనీ ఎన్నూరులో ఒక శిక్షణ గది తెరిచింది. అందులో సిమ్యులేటర్, అంటే తెర మీద క్రేన్ నడిపించి నేర్పే యంత్రం ఉంటుంది. వాళ్లకే పెరూ దేశంలో ఒక రేవు ఉంది. అక్కడి కొత్త ఆపరేటర్లకు ఇక్కడి నుంచి వీడియోలో డ్రిల్ చేయించాలి. పాఠాలకు దుబాసీ ఉన్నాడు. కానీ బరువు గాల్లో ఉన్నప్పుడు దుబాసీ నోరు తెరిచేదాకా ఎవరాగుతారు? అందుకని ట్రైనరే ముప్ఫై దాకా ఆజ్ఞలు నేరుగా స్పానిష్‌లో ఇవ్వాలి. సెప్టెంబరు మొదట్లో డెమో. నెగ్గితే మునిరత్నం గారు ట్రైనర్. ఓడితే గేటు దగ్గర కుర్చీ, వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకునే పని.

"గేటు పని తక్కువదని కాదు మేడమ్," అన్నారు. "ఇన్నేండ్లు ఒక మనిషి గోరు ఊడకుండా బరువులు దించినా. ఆ పని ఎట్ల చెయ్యాల్నో నలుగురికి చెప్పకుండా, గేటుకాడ సుమ్మా, ఊరికే కూర్చుండిపోవాల్నా?"

ఏడు వారాల గడువు ఉంది. ఇంపరేటివ్ ఒక్కటే నేర్పాలి. ఇంపరేటివ్ అంటే క్రియకు ఆజ్ఞ రూపం. ఇదెంత పని అనుకున్నాను.

మొదటి రోజే బోర్డు నింపేశాను. స్పానిష్ క్రియలు ఆర్, ఎర్, ఇర్ అనే మూడు తోకల్లో ఏదో ఒకదానితో ముగుస్తాయి. దారిలో పడే క్రియలకు, అంటే రెగ్యులర్ వాటికి, నువ్వు అని పిలిచే మనిషికి చెప్పేటప్పుడు తోక చివరి రకారం తీసేస్తే దాదాపు పని అయిపోతుంది. లెవాంతార్ అంటే ఎత్తడం, లెవాంతా అంటే ఎత్తు. బహార్ అంటే దించడం, బాహా అంటే దించు. ఎర్, ఇర్ రెండింటికీ చివర ఎకారమే. సుబీర్ అంటే పైకెక్కించడం, సూబె అంటే ఎక్కించు. మీరు అనే మర్యాద కావాలంటే మనం అండి చేరుస్తాం, వాళ్లు చివరి అచ్చును తారుమారు చేస్తారు. ఆ ఉన్నచోట ఎ వస్తుంది, ఎ ఉన్నచోట ఆ వస్తుంది. లెవాంతె, బాహె, సూబా. పదిమందికి చెప్పాలంటే దానికే ఒక నకారం తగిలిస్తే సరి.

"ఆపడానికి పరార్," అన్నాను. "మనకు పరార్ అంటే పారిపోవడం, వాళ్లకు ఆగడం. పారా అంటే ఆపు, పారె అంటే ఆపండి. మీకు నువ్వు రూపం చాలు. చిన్నది, తొందరగా వస్తుంది."

ఆయన తల అడ్డంగా ఊపారు. నెమ్మదైన మనిషే గాని ఆ విషయంలో పట్టు విడవలేదు.

"మీరు అనేదే నేర్పించండి మేడమ్. పైన కూర్చోనుండే మనిషిని నువ్వు అనకూడదు. కిందుండేవాళ్ల ప్రాణమంతా ఆ మనిషి చేతిలో ఉండాది."

సరే, మీరుతోనే మొదలుపెట్టాం. రాతలో ఆయనకు తిరుగులేదు. మూడోరోజుకే ఇరవై క్రియలకు ఇరవై రూపాలూ తప్పు లేకుండా రాసి చూపించారు. తిప్పండి, హీరె. ఆగి చూడండి, ఎస్పేరె. తెరవండి, ఆబ్రా. గుండ్రని అక్షరాలతో తెలుగులోనే ఉచ్చారణ రాసుకునేవారు. నోటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండి పట్టాలు తప్పేది.

నేను "లెవాంతార్!" అని అడుగుతాను. ఆయన చేయి గాల్లోకి లేస్తుంది, వేలు గిర్రున తిరుగుతుంది, పెదాలు కదులుతాయి, మాట రాదు. "బహార్!" అంటాను. చేయి కిందికి జారి మోకాలి దగ్గర వేలు మళ్లీ తిరుగుతుంది. గాభరా అనుకున్నాను. పరీక్షంటే చేతులు వణికే పిల్లల్ని ఎంతమందిని చూడలేదు? జార్జి టౌన్‌లో నేను చదువుకున్న తెలుగు బళ్లో మా పంతులమ్మ దీనికి ఒకటే మందు వేసేది. ఆ మందే నేనూ వేశాను.

"చేతులు కట్టుకోండి మునిరత్నం గారూ. నోటితో చెప్పండి."

ఆయన వెంటనే చేతులు కట్టుకున్నారు. ఆరోజు నుంచి గదిలోకి రాగానే చేతులు కట్టుకుని కూర్చునేవారు. పైపెదవి మీద చెమట పట్టేది. నేను అడిగిన నాలుగు క్షణాలకు, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, "లెవాంతె..." అని వినపడేది.

"గట్టిగా! అది ఆజ్ఞ అండీ, అర్జీ కాదు!"

"సరే మేడమ్. లెవాంతె..."

"మళ్లీ అర్జీయే పెడుతున్నారు!"

నాలుగు వారాలు ఇలాగే గడిచాయి. నాకు తిక్క పుట్టుకొచ్చేది. ఇంట్లో కూర తరిగేటప్పుడూ, బస్సులో నిలబడ్డప్పుడూ కూడా ఆయన గొంతే చెవిలో తిరిగేది. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగి తిరిగి అడిగేదాన్ని, మరింత వేగంగా అడిగేదాన్ని. వేగం పెంచితే మొహమాటం ఊడిపోతుందని నా లెక్క. నేను పెంచినకొద్దీ ఆయన గొంతు ఇంకా లోపలికి పోయింది. మధ్యలో ఆ కంపెనీ శిక్షణ మేనేజరు దినకరన్ ఫోన్ చేసి, కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటామని తమిళంలో మర్యాదగానే చెప్పారు.

నేనూ అదే అనుకున్నాను, దాచడం దేనికి? కానీ ఆ మాట ఆయన వెనక మేనేజరుకు చెప్పడానికి మనసొప్పలేదు. ముందు ఆయనకే ఎదురుగా చెప్పాలని, వస్తున్నానని మాత్రం ఫోన్ చేసి, ఒక శనివారం పొద్దున ఎన్నూరు బయల్దేరాను. తీరం రోడ్డు మీద లారీల వెనక లారీలు. బూడిద వాసన, చేపల వాసన కలిసి ఆటోలోకి కొడుతున్నాయి. 'మీవల్ల కాదు' అనే మాటను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని దారంతా మనసులో తిరగరాస్తూనే ఉన్నాను. ఒక్కటీ కుదరలేదు.

గేటు దగ్గర మునిరత్నం గారు నా కోసం హెల్మెట్ పట్టుకుని నిలబడ్డారు. నేను పని చూడటానికే వచ్చాననుకుని ముఖం వెలిగిపోయింది. రేవులో పసుపు గీత వెనక ఒక ఎత్తరుగు మీదికి తీసుకెళ్లారు. ఎదురుగా మొబైల్ క్రేన్ ఇనుప పైపుల కట్టను ఓడలోంచి ఎత్తుతోంది. ఆ చప్పుడులో నా మాట నాకే వినపడటం లేదు. కింద కొత్త సిగ్నల్‌మ్యాన్, నోట్లో విజిల్, చేయి పైకెత్తి చూపుడువేలు గిర్రున తిప్పాడు. కట్ట పైకి లేచింది. చేయి కిందికి చాపి వేలు తిప్పాడు. కట్ట దిగడం మొదలుపెట్టింది.

ఆ వేలు నాకు తెలుసు. నాలుగు వారాలు నేను 'కట్టుకోండి' అన్నది ఆ వేలినే. పక్కకు తిరిగి చూస్తే మునిరత్నం గారి చేతులు నడుము దగ్గర చిన్నగా, తమంతట తాము అవే సైగలు చేస్తున్నాయి. గాభరా పడే మనిషి చేతులు కావవి. నేను ప్రశ్న ముగించకముందే ఆయన చేతులు సరైన జవాబు చెప్పేస్తూ వచ్చాయి. నాకు కనపడలేదు, అంతే.

ఇంతలో ఆయన ఒక్కసారిగా రెండు చేతులూ బారచాపి, అరచేతులు కిందికి పెట్టి, అడ్డంగా కోసినట్టు ఊపారు. క్రేన్ అక్కడికక్కడే నిలిచిపోయింది. చూస్తే, కట్టకు వేలాడే తాడు ఒక కూలీ మడమకు చుట్టుకుని ఉంది. అతను వంగి విడిపించుకున్నాడు. కింది సిగ్నల్‌మ్యాన్ మావైపు చూసి తల ఊపి, పని మళ్లీ మొదలుపెట్టాడు. అంతా అర నిమిషం.

"మీరు డ్యూటీలో లేరు కదా. పైవాడు మీ మాట ఎట్లా విన్నాడు?" అన్నాను.

"ఎత్తు, దించు అనేది ఒక్కడే చెప్పాల మేడమ్. ఇద్దురు చెప్తే బరువు ఎవురి మాట ఇనాల? ఆపు అనేది మాత్రం ఎవురైనా చెప్పొచ్చు. టీ తెచ్చే ఆమె చెప్పినా ఆపాల్సిందే. ఎందుకని అడిగేది ఆపినంక."

"క్లాసులో మీ చేతులు..." అని మొదలుపెట్టి ముగించలేకపోయాను.

ఆయన సిగ్గుపడ్డారు. "మీరు లెవాంతార్ అనంగానే చెయ్యి లేస్తాది మేడమ్. మీరు కట్టుకోమంటిరి. దాన్ని అణిచి పట్టుకోనుండేసరికి మాట మరిచిపోతాండా. ఇరవై రెండేండ్లు నోట్లో విజిలే గదా ఉండింది, నోటితో చెప్పి అలవాటే లేదు."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"ఎప్పుడు చెప్పేది మేడమ్? మీరు ఆపితే గదా!"

వెటకారంగా అనలేదు. ఉన్న మాట అన్నారు. నాకు తల ఎత్తడానికి సిగ్గేసింది. దారంతా తిరగరాసుకున్న మాట అక్కడే మింగేసి, సోమవారం పొద్దున్నే రమ్మని చెప్పి తిరిగివచ్చాను.

సోమవారం కుర్చీలూ బల్లలూ గోడకు తోసేశాను. ఆయనకు ఎత్తు స్టూలు వేసి, జేబులో విజిల్ తీసి బల్ల మీద పెట్టమన్నాను. "ఇవాళ్టి నుంచి ముందు చేయి, వెనక మాట. నేనే మీ క్రేన్‌ని. ఆడించండి," అన్నాను.

ఆయన మొదట నవ్వారు. తర్వాత చేయి చాపి, "హీరె," అన్నారు. నేను తిరిగాను. చేయి ఎత్తితే "లెవాంతె," నా చేతిలో నిఘంటువు పైకి లేచింది. చేతుల వెంబడి మాటలు వాటంతట అవే బయటికి వస్తున్నాయి. అరగంటకు గొంతు కూడా వచ్చింది, రేవు అవతలికి వినపడే గొంతు. కింద మిషన్లు ఆగిపోయాయి. టైలర్లు ఇద్దరు మెట్ల మీద నిలబడి, మేడమ్‌కు పిచ్చి పట్టిందేమోనని చూశారు.

నాకే కష్టమైంది. ఆయన చెప్పకముందే కదిలిపోయేదాన్ని.

"ఎస్పేరె!" అని అరచేయి చూపించేవారు. "నేనింకా చెప్పలే మేడమ్. క్రేన్ ముందే కదిలితే మనిషి పోతాడు."

ఒంటికాలి మీద, నిఘంటువు నెత్తిన పెట్టుకుని, ఆయన తర్వాతి మాట కోసం నిలబడి ఉండటం నేను పద్దెనిమిదేళ్లలో చేసిన అన్నిటికంటే పెద్ద కసరత్తు.

డెమో సాయంత్రం ఆరున్నరకు పెట్టారు. పెరూలో అప్పుడు పొద్దున. చల్లని గదిలో పెద్ద తెర. ఒకవైపు సిమ్యులేటర్ ముందు కూర్చున్న రోసా అనే కొత్త ఆపరేటర్, ఆమె పక్కన పరీక్షకుడు. మరోవైపు ఆమె నడిపే బొమ్మ క్రేన్. ఇటు కెమెరా ముందు మునిరత్నం గారు, చెవులకు హెడ్‌ఫోను, నోటి దగ్గర మైకు. పక్కన దినకరన్, దుబాసీ. నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు, నోరు మెదపకూడదన్న షరతు మీద. కూర్చున్నానన్న మాటే గాని, కాళ్లు కుర్చీ కింద నడుస్తూనే ఉన్నాయి.

మొదలు బ్రహ్మాండంగా జరిగింది. చేయి లేచింది, "లెవాంతె!" రోసా ఎత్తింది. "హీరె! హీరె!" బరువు ఓడ మీదినుంచి రేవు వైపు తిరగసాగింది. అప్పుడు దినకరన్ ముందుకు వంగి ఇంగ్లీషులో, "చేతులొద్దు, చేతులొద్దు, మైకులో చెప్పండి. వాళ్లు చూసేది మీ భాషని," అన్నారు. ఆయన మంచికే చెప్పారు. నేను కూడా మంచికే చెప్పాను.

మునిరత్నం గారి చేతులు చటుక్కున వెనక్కి వచ్చి, కట్టుకుపోయాయి. నేను నేర్పిన జబ్బే అది. తెర మీద బరువు తిరుగుతూనే ఉంది, ఓడ అంచున ఉన్న కంచె వైపు వెళుతోంది. ఆయన పెదాలు కదిలాయి. శబ్దం లేదు. పైపెదవి మీద ఆ చెమట వెనక నుంచి కూడా నాకు తెలిసిపోయింది. ఇరవై రెండేళ్ల పని నా కళ్లముందే గేటు దగ్గరి కుర్చీలోకి జారిపోతోంది.

షరతు గుర్తుంది. అయినా లేచి నిలబడి, రెండు చేతులూ బారచాపి, "పారె!" అని అరిచాను.

నేనన్నది దినకరన్‌ని. ఆగింది మాత్రం రోసా. బరువు కంచెకు జానెడు దూరంలో ఊగుతూ నిలిచిపోయింది. గది మొత్తం నన్నే చూసింది. దినకరన్ ముఖం ఎర్రబడింది. చెడగొట్టేశాను, నా చేతులతో నేనే ముంచేశాను అనుకున్నాను. అటువైపు పరీక్షకుడు, ఎవరది అని అడుగుతున్నాడు.

మునిరత్నం గారు వెనక్కి తిరిగారు. చాపి ఉన్న నా చేతుల్ని చూశారు. ఆయన చేతులు మెల్లగా విడివడ్డాయి. నావైపు అరచేయి చూపించి, నిదానంగా, "ఎస్పేరె, సెన్యోరా," అన్నారు. తర్వాత అదే అరచేయి దినకరన్ వైపు తిప్పి, "ఎస్పేరె, సెన్యోర్." దినకరన్‌కు స్పానిష్ ముక్క రాదు. ఆ అరచేయి అర్థమైంది. ఒకడుగు వెనక్కి వేశారు.

ఇక ఆ చేయి తెర వైపు తిరిగింది. "రెత్రొసేదా. హీరె. ఎస్పేరె... బాహె. బాహె. పారె." వెనక్కి, తిప్పండి, ఆగండి, దించండి, ఆపండి. ఒక్క మాటా అర్జీ కాదు. బరువు గీసిన చతురస్రంలో చప్పుడు లేకుండా కూర్చుంది.

ముక్కూ మొహం తెలియని మనిషి అరిస్తే ఎందుకు ఆపావని పరీక్షకుడు రోసాను అడిగాడు. ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఆపమన్నారు కాబట్టి ఆపాను, ఎవరైతేనేం అంది. పరీక్షకుడు ఏదో రాసుకుని, దుబాసీ ద్వారా దినకరన్‌ను ఒకటే ప్రశ్న అడిగాడు, చేతులు ఎందుకు దించమన్నారు అని. ఆ ప్రశ్న నన్ను కూడా అడిగినట్టే ఉంది.

నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. "మేడమ్, ఆ గేటుకాడి కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేసినారు," అన్నారు మునిరత్నం గారు. నేను మెట్ల మీదే కూలబడి ఏడ్చేశాను. టైలర్లు నీళ్లు తెచ్చిచ్చారు.

అప్పటినుంచి ఇంపరేటివ్ పాఠం వచ్చినప్పుడు లెవాంతార్‌తో మొదలుపెట్టను. పరార్‌తో మొదలుపెడతాను. పారె అని చెప్పించి, రెండు చేతులూ బారచాపడం నేర్పించి, ఈ ఆజ్ఞను మీరు నాకు ఎప్పుడైనా ఇవ్వొచ్చని చెబుతాను. ఆజ్ఞాపించడం పద్దెనిమిదేళ్లు నేర్పిన నాకు ఎవరూ ఒక్క ఆజ్ఞ ఇచ్చే సందు లేకుండా చేసుకున్నానని తెలిశాక, అంతకంటే ముందు నేర్పవలసింది ఏముంది?

నడక మానలేదు, అది నా ఒంట్లోనే ఉంది. మొన్న తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చిన ఒకమ్మాయిని రెండో ప్రశ్న దాటి మూడోది అడుగుతున్నాను. ఆమె నోరు తెరవలేదు. రెండు చేతులూ చాపింది, చిన్నగా, భయంగా. గది మధ్యలో ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలిపేశాను. ఎందుకని తర్వాత అడిగాను.